చిట్టెలుకకు మతిమరుపు తగ్గిందంటే ఏమర్థం

అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు తల్లిదండ్రుల కోసం తెచ్చే సీసాల్లో, విటమిన్ల పక్కన ఇప్పుడు లయన్స్ మేన్ పుట్టగొడుగు క్యాప్సూళ్లు కూడా చేరాయి. నేను ఫార్మకాలజీ చదువుకున్నానని తెలిసినవాళ్లు ఆ సీసా ఫోటో పంపించి, "ఇది వాడితే నాన్నగారి మతిమరుపు తగ్గుతుందా?" అని అడుగుతుంటారు. అడిగేవాళ్ల గొంతులో ఆశ ఎంత ఉంటుందో, భయమూ అంతే ఉంటుంది. తండ్రి తన పేరు మరచిపోయిన రోజున ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనే అనిపిస్తుంది. అటువంటివాళ్లకు ఒక్క మాటలో అవుననో కాదనో చెప్పి పంపించడం నాకు న్యాయంగా తోచదు. ఈ పుట్టగొడుగు మీద ప్రయోగశాలల్లో నిజంగానే పని జరిగింది, కానీ అందులో ఎక్కువ భాగం చిట్టెలుకల మీద జరిగింది. కాబట్టి చిట్టెలుక మెదడులో ఒక మందును పరీక్షించడమంటే ఏమిటో, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో వివరంగా రాయాలనిపించింది. ఈ వ్యాసంలో చిట్టెలుక అంటే మౌస్ అని, ఎలుక అంటే ర్యాట్ అని గ్రహించగలరు. రెండింటికీ తేడా ఎంత ముఖ్యమో మున్ముందు తెలుస్తుంది.

లయన్స్ మేన్ శాస్త్రీయ నామం హెరీసియం ఎరినాసియస్. ఓక్, బీచ్ వంటి గట్టి కలప చెట్ల మొదళ్ల మీద, తెల్లని కుచ్చులు కిందికి వేలాడుతున్నట్టుగా పెరుగుతుంది. జపాన్, చైనా దేశాల్లో దీన్ని చాలాకాలంగా కూరగా వండుకుంటున్నారు. దీనికి మెదడుతో సంబంధం అంటగట్టిన ఘనత ప్రధానంగా జపాన్‌లోని షిజువోకా విశ్వవిద్యాలయానికి చెందిన రసాయన శాస్త్రవేత్త హిరోకాజు కవాగిషిది. ఆయన బృందం 1991లో ఈ పుట్టగొడుగు నుంచి హెరిసినోన్లు అనే పదార్థాలను, 1994లో దీని మైసీలియం నుంచి, అంటే గొడుగు పైకి రాకముందు వేరులా అల్లుకునే తంతువుల నుంచి, ఎరినాసిన్లు అనే మరో తరగతి పదార్థాలను వేరు చేసింది. ఇవి రెండూ పెంపకపు కణాల్లో నాడీ వృద్ధి కారకం, అంటే ఎన్‌జీఎఫ్ అనే ప్రోటీన్ తయారీని పెంచుతున్నాయని గమనించారు.

ఎన్‌జీఎఫ్ పేరు వినగానే నాడీశాస్త్రవేత్తలు ఎందుకు ఉత్సాహపడతారో చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఈ ప్రోటీన్‌తో సహా వృద్ధి కారకాలను కనుగొన్నందుకు రీటా లేవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ బహుమతి అందుకున్నారు. అల్జీమర్స్ వ్యాధిలో త్వరగా దెబ్బతినే కణాల్లో, మెదడు అడుగు భాగాన ఉండి జ్ఞాపకానికి తోడ్పడే ఎసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు ముఖ్యమైనవి. అవి బతకడానికి ఎన్‌జీఎఫ్ కావాలి. అయితే దాన్నే మందుగా ఇవ్వవచ్చు కదా అంటే, అది పెద్ద ప్రోటీన్ అణువు. నోటి ద్వారా ఇస్తే జీర్ణమైపోతుంది, నరం ద్వారా ఎక్కిస్తే రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అవరోధాన్ని దాటదు. స్వీడన్‌లో 1990ల్లో ముగ్గురు అల్జీమర్స్ రోగులకు గొట్టం ద్వారా నేరుగా మెదడు గదుల్లోకి ఎన్‌జీఎఫ్ ఎక్కించి చూశారు. వాళ్లకు వెన్నునొప్పి వచ్చింది, బరువు తగ్గారు, చికిత్స ఆ దారిన ముందుకు సాగలేదు. ఇక మిగిలింది మరో దారి. అవరోధాన్ని దాటగలిగేంత చిన్న అణువు ఒకటి లోపలికి వెళ్లి, మెదడు తన ఎన్‌జీఎఫ్‌ను తానే ఎక్కువగా చేసుకునేలా ప్రేరేపించగలిగితే చాలు. హెరీసియం మీద పెట్టుకున్న ఆశ అంతా ఈ ఒక్క తర్కం మీదే నిలబడింది, ఆ తర్కం మంచిదేనని నా నమ్మకం కూడా.

కానీ మంచి తర్కం ప్రయోగంలోకి దిగగానే మెలికలు తిరుగుతుంది. కొయిచిరో మోరి బృందం 2008లో ప్రచురించిన పనిని చూడండి. మనిషి మెదడు నుంచి వచ్చిన ఆస్ట్రోసైట్ (నాడీకణాలకు తోడుగా ఉండే కణం) తరహా కణితి కణాలకు హెరీసియం సారం ఇస్తే ఎన్‌జీఎఫ్ జన్యువు చురుకైంది. అదే కణాలకు హెరిసినోన్లు సి, డి, ఇ విడివిడిగా ఇస్తే ఆ ప్రభావం రాలేదు. అంటే సారం పనిచేస్తోంది, కానీ ఆ పని చేస్తున్నవి మనం పేరు పెట్టి సీసా మీద రాసుకుంటున్న పదార్థాలేనని ఖాయంగా చెప్పలేం. అదే పరిశోధనలో చిట్టెలుకలకు 5 శాతం హెరీసియం పొడి కలిపిన మేతను 7 రోజులు పెట్టారు. హిప్పోక్యాంపస్‌లో, అంటే కొత్త జ్ఞాపకాలు రూపుదిద్దుకునే భాగంలో, ఎన్‌జీఎఫ్‌కు సంబంధించిన ఆర్‌ఎన్‌ఏ పెరిగింది; మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లో పెరగలేదు. ప్రకటనల్లో మొదటి సగమే కనిపిస్తుంది.

ఆ "5 శాతం మేత" అన్నదాన్ని కాస్త ఆగి లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే జంతు ప్రయోగాలను చదివేటప్పుడు చాలామంది దాటేసి వెళ్లే చోటు ఇదే. ఒక చిట్టెలుక బరువు సుమారు 25 గ్రాములు. రోజుకు సుమారు 4 గ్రాముల మేత తింటుంది. అందులో 5 శాతమంటే 200 మిల్లీగ్రాముల పొడి. కిలో శరీర బరువుకు లెక్కగడితే అది 8 గ్రాములు. దాన్ని అలాగే మనిషికి అన్వయించడం తప్పు, చిన్న జంతువుల జీవక్రియ వేగం ఎక్కువ కనుక. శరీర ఉపరితలాన్ని బట్టి మార్చే పద్ధతిలో చిట్టెలుక మోతాదును సుమారు 12.3తో భాగిస్తారు. అలా చేస్తే కిలోకు 0.65 గ్రాములు, 60 కిలోల మనిషికి రోజుకు 39 గ్రాముల ఎండు పొడి వస్తుంది. ఈ మార్పిడి సూత్రం అసలు మొదటిసారి మనుషులకు ఇచ్చే సురక్షిత మోతాదును అంచనా వేయడానికి ఉద్దేశించింది కాబట్టి దీన్ని ముతక అంచనాగానే తీసుకోవాలి. అయినా, 250 మిల్లీగ్రాముల బిళ్లలు రోజుకు 12, అంటే 3 గ్రాములు ఇచ్చిన మానవ ప్రయోగానికీ దీనికీ మధ్య 13 రెట్ల అంతరం ఉంది. సీసాలోని ఒకటి రెండు క్యాప్సూళ్ల సంగతి ఇక చెప్పనక్కర లేదు. చిట్టెలుకకు పనిచేసిన మోతాదు మనిషి తినగలిగే మోతాదేనా అన్న ప్రశ్న వేయకుండా ఆ ఫలితాన్ని ఇంటికి తెచ్చుకోకూడదు.

రెండో చిక్కు "సారం" అన్న మాట కింద దాక్కుని ఉంటుంది. పసుపుకొమ్మును నీళ్లలో మరిగిస్తే దిగేదీ, నూనెలో వేస్తే దిగేదీ ఒకటి కానట్టే, పుట్టగొడుగును వేడినీటితో తీసిన సారమూ ఆల్కహాల్‌తో తీసిన సారమూ వేర్వేరు పదార్థాలు. వేడినీటిలోకి ప్రధానంగా బీటా గ్లూకాన్ల వంటి పెద్ద చక్కెర గొలుసులు వస్తాయి. హెరిసినోన్లు, ఎరినాసిన్లు ఆల్కహాల్ వంటి ద్రావకాల్లోకి బాగా దిగుతాయి. పైగా హెరిసినోన్లు గొడుగు భాగంలో, ఎరినాసిన్లు మైసీలియంలో దొరుకుతాయి. కాబట్టి మైసీలియం మీద జరిగిన ప్రయోగాన్ని చూపించి గొడుగు పొడి అమ్మడం, గొడుగు మీద జరిగిన ప్రయోగాన్ని చూపించి మైసీలియం అమ్మడం, రెండూ కొనేవాణ్ని తప్పుదారి పట్టించడమే. మైసీలియంను బియ్యం, జొన్న, ఓట్స్ వంటి గింజల మీద పెంచి, గింజతో సహా ఎండబెట్టి పొడి చేసే పద్ధతి ఒకటి ఉంది. అందులో పిండిపదార్థం గణనీయంగా ఉంటుంది. కాస్త పొడిని నీళ్లలో మరిగించి, చల్లారాక ఒక చుక్క అయోడిన్ వేస్తే ముదురు నీలం రంగు తిరిగి, ఆ గింజ సంగతి బయటపడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు బంగాళాదుంప ముక్క మీద చేసే పరీక్షే ఇది, కానీ దీన్ని చేయకుండానే జంతువులకు ఇచ్చిన పొడుల మీద వ్యాసాలు వచ్చాయి. ఒక ఔషధ మొక్క సారాన్ని గానీ పుట్టగొడుగు సారాన్ని గానీ పరీక్షించే ముందు అందులో ఏమున్నదో క్రొమటోగ్రఫీతో, అంటే మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే పద్ధతితో చూసి, ఒక గ్రాములో గుర్తు పదార్థం, అంటే సారాన్ని పోల్చుకోవడానికి ఎంచుకున్న పదార్థం, ఎంత ఉందో రాసిపెట్టకపోతే, ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయడానికి దారే ఉండదు.

ఈ విషయంలో తైవాన్‌లో జరిగిన పని కొంత మెరుగు. అక్కడివాళ్లు ఎరినాసిన్ ఏ అధికంగా ఉండేలా పెంచిన మైసీలియంతో, ఆ పదార్థం పరిమాణాన్ని కొలిచి, పరీక్షలు చేశారు. ఎరినాసిన్ ఏ రక్త-మెదడు అవరోధాన్ని దాటి మెదడులోకి చేరుతోందని ఎలుకల్లో చూపించారు. ఇది చిన్న విషయం కాదు. పెంపకపు కణాల పళ్లెంలో అద్భుతంగా పనిచేసి, మెదడు గడప దాటలేక ఆగిపోయిన పదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇక జంతు నమూనాల దగ్గరికి వద్దాం. అల్జీమర్స్ వ్యాధి చిట్టెలుకకు సహజంగా రాదు. కాబట్టి దాన్ని ఏదో ఒక విధంగా తెప్పించాలి, ఎలా తెప్పించామన్నదాన్ని బట్టే ఫలితానికి అర్థం ఉంటుంది. మన ఫార్మసీ కళాశాలల్లో అన్నిటికంటే ఎక్కువగా వాడేది స్కోపొలమైన్ నమూనా. చవక, త్వరగా అయిపోతుంది, ఎం.ఫార్మసీ విద్యార్థి గడువులో ఒదుగుతుంది. స్కోపొలమైన్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కొన్ని గంటల పాటు అడ్డుకుంటుంది; జంతువు దారి తప్పుతుంది; మందు ప్రభావం తగ్గగానే మామూలైపోతుంది. ఇందులో ఒక్క నాడీకణం కూడా చనిపోదు. అలాంటప్పుడు ఒక పుట్టగొడుగు సారం ఈ మతిమరుపును తగ్గించిందంటే, అది ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా చూసిందేమో, లేక స్కోపొలమైన్ శోషణకే అడ్డుపడిందేమో అనుకోవచ్చు గానీ, నాడీకణాల క్షీణతను ఆపిందని రాయడానికి ఆధారం ఉండదు. సిద్ధాంత గ్రంథం శీర్షికలో "న్యూరోప్రొటెక్టివ్" (నాడీకణాలను కాపాడేది) అన్న పదం చూసి, లోపల ఉన్నది స్కోపొలమైన్ ఒక్కటే అని తెలిసినప్పుడు నాకు ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఆ విద్యార్థి పడ్డ శ్రమ నిజం. శీర్షిక చెప్పే మాటకు మాత్రం ఆ శ్రమలో పునాది లేదు.

మోరి బృందమే 2011లో దీనికంటే ఒక మెట్టు పైనున్న నమూనాతో పనిచేసింది. అల్జీమర్స్ రోగుల మెదడులో ఫలకాలుగా పేరుకునే అమైలాయిడ్ బీటా ప్రోటీన్‌లో, 25 నుంచి 35వ అమైనో ఆమ్లం వరకు ఉండే చిన్న తునకను కృత్రిమంగా తయారు చేసి, చిట్టెలుకల మెదడు గదుల్లోకి సూదితో ఎక్కించారు. హెరీసియం కలిపిన మేత తిన్న జంతువులు వై ఆకారపు మార్గంలోనూ, కొత్త వస్తువును గుర్తుపట్టే పరీక్షలోనూ తినని వాటికంటే మెరుగ్గా చేశాయి. ఫలితం ఆసక్తికరమే. కానీ ఆ ప్రయోగపు కాలపట్టికను చూడండి: మేత 23 రోజుల పాటు పెట్టారు, అమైలాయిడ్ తునకను 7వ రోజున, 14వ రోజున ఎక్కించారు. అంటే గాయానికి వారం ముందు నుంచే ఆ జంతువులు పుట్టగొడుగు తింటున్నాయి. మన నాన్నగారికి గాయం ఏ పదిహేనేళ్ల కిందటో మొదలై, మతిమరుపు రూపంలో ఇప్పుడు బయటపడింది. ముందుగా ఇచ్చి నష్టాన్ని అడ్డుకోవడానికీ, నష్టం జరిగాక దాన్ని సరిదిద్దడానికీ ఉన్న దూరం చాలా పెద్దది. జంతువుల్లో అద్భుతంగా పనిచేసిన ఎన్నో మందులు మనుషుల్లో విఫలం కావడానికి ఈ దూరం ఒక ముఖ్య కారణం.

జన్యుమార్పిడి చిట్టెలుకలు మరో మార్గం. స్వీడన్‌లో ఒక కుటుంబంలో వారసత్వంగా వచ్చే అల్జీమర్స్‌కు కారణమైన ఉత్పరివర్తననూ, ప్రెసెనిలిన్ 1 జన్యువులోని మరో లోపాన్నీ కలిపి తయారు చేసిన జాతి ఒకటి విస్తృతంగా వాడుకలో ఉంది. ఆ చిట్టెలుకల మెదడులో అమైలాయిడ్ ఫలకాలు ఐదారు నెలల వయసులోనే కనిపిస్తాయి. 2016లో తైవాన్ పరిశోధకులు ఈ జాతికి ఎరినాసిన్ ఏ ఉన్న మైసీలియంను నోటి ద్వారా 30 రోజులు ఇచ్చి, ఫలకాలు తగ్గాయని, హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక పెరిగిందని ప్రకటించారు. ఎక్కువ కాలం ఇచ్చినప్పుడు గూడు కట్టడం, బొరియ నుంచి మేత తోడి బయటికి నెట్టడం వంటి రోజువారీ అలవాట్లు కూడా మెరుగుపడ్డాయన్నారు. అయితే ఈ జాతికీ పరిమితులున్నాయి. ఫలకాలు దండిగా వస్తాయి గానీ, మనుషుల్లో కనిపించే టావు ప్రోటీన్ చిక్కుముడులు రావు, నాడీకణాలు పెద్దయెత్తున చనిపోవు. ఆడ చిట్టెలుకల్లో మగవాటికంటే ఫలకాలు ఎక్కువ. ఒక గుంపులో ఆడవి, మరో గుంపులో మగవి ఎక్కువ పడితే, మందు లేకుండానే తేడా కనిపిస్తుంది.

గూడు పరీక్ష గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చిట్టెలుకల ప్రవర్తనా పరీక్షల్లో నాకు దీని మీదే గౌరవం ఎక్కువ. సాయంత్రం చీకటి పడబోయే ముందు, ఒంటరిగా ఉంచిన చిట్టెలుక బోనులో గట్టిగా అదిమిన దూది పలకను ఒకదాన్ని పెడతారు. అరచేతి మధ్యలో పట్టేంత పలక అది. రాత్రంతా దాన్ని అలాగే వదిలేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక తెల్లారేసరికి ఆ పలకను పళ్లతో పీచుపీచుగా చింపి, ఒక మూలకు చేర్చి, చుట్టూ గోడ లేపి, మధ్యలో తన ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని అందులో ముడుచుకుని ఉంటుంది. దానికి 5 మార్కులు. జబ్బు చేసిన చిట్టెలుక బోనులో పలక పెట్టినచోటే, అంచు కూడా చెదరకుండా ఉంటుంది. దానికి 1. మధ్యలో రకరకాల దశలు. ఇందులో జంతువును భయపెట్టడం లేదు, నీళ్లలో వేయడం లేదు, ఆకలితో మాడ్చడం లేదు. మన ఇళ్లలో మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు పక్క వేసుకోవడం, బట్టలు మడత పెట్టుకోవడం వంటి రోజూ చేసే పనులను ఒక్కొక్కటిగా వదిలేయడాన్ని చూసినవాళ్లకు, ఈ పరీక్ష ఏం కొలుస్తోందో విడమరచి చెప్పనక్కర లేదు. అయితే ఆ మార్కు వేసే మనిషికి, ఆ బోను మందు ఇచ్చిన గుంపుదో ఇవ్వని గుంపుదో తెలిసి ఉంటే, 3కూ 4కూ మధ్య ఉన్నది ఆ మనిషి ఆశ వైపే మొగ్గుతుంది. బోను సంఖ్యలను మరొకరు మార్చిపెట్టి, లెక్కలన్నీ పూర్తయ్యాకే విప్పాలి. ఖర్చులేని జాగ్రత్త ఇది.

రిచర్డ్ మోరిస్ 1981లో ప్రచురించిన నీటి తొట్టి పరీక్ష మరింత ప్రసిద్ధం. పెద్ద గుండ్రటి తొట్టిలో, నీటి మట్టానికి కాస్త కింద దాచిన చిన్న తిన్నెను, గోడల మీది గుర్తుల ఆధారంగా జంతువు వెతుక్కోవాలి. ఆలస్యంగా చేరితే జ్ఞాపకం తగ్గిందంటాం. కానీ ఆలస్యానికి కాళ్ల బలహీనత కారణం కావచ్చు, చూపు కారణం కావచ్చు. అల్జీమర్స్ జన్యుమార్పిడి చిట్టెలుకల్లో కొన్ని, తమ మాతృజాతి నుంచి వచ్చిన కంటిపొర క్షీణత జన్యువు వల్ల పుట్టిన కొన్ని వారాల్లోనే చూపు కోల్పోతాయి. ఆ జన్యువును ముందే పరీక్షించి అటువంటివాటిని పక్కన పెట్టకపోతే, కళ్లు కనబడని జంతువుకు మతిమరుపు అంటగట్టినట్టవుతుంది.

పార్కిన్సన్స్ వైపు వస్తే, అక్కడి ప్రధాన నమూనా వెనుక ఒక విషాదం ఉంది. 1982లో ఉత్తర కాలిఫోర్నియాలో, కృత్రిమ హెరాయిన్ ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల వ్యవధిలో కదలిక లేకుండా బిగుసుకుపోయారు. వైద్యుడు విలియం లాంగ్‌స్టన్, ఆయన సహచరులు వెతికి చూస్తే, ఆ మత్తుమందు తయారీలో పొరపాటున కలిసిన ఎంపీటీపీ అనే పదార్థం, కదలికలను నడిపే డోపమిన్ నాడీకణాలను చంపేసిందని తేలింది. ఆ తర్వాత దాన్నే కోతులకు, చిట్టెలుకలకు ఇచ్చి పార్కిన్సన్స్ నమూనాలు తయారు చేశారు. చిట్టెలుకల్లో ఒక నల్ల జాతికి ఇది బాగా సోకుతుంది. ఎలుకలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి. జాతి మారితే జబ్బే మారిపోతుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు. హెరీసియం మైసీలియంనూ, ఎరినాసిన్ ఏనూ ఈ నమూనాలో పరీక్షించి, నాడీకణాల నష్టం తగ్గిందని తైవాన్ బృందాలు రాశాయి.

ఈ నమూనాలో ఒక ఉచ్చు పొంచి ఉంది, సారాలతో పనిచేసేవాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ఎంపీటీపీ తనంతట తాను విషం కాదు. మెదడులోకి వెళ్లాక, ఆస్ట్రోసైట్లలో ఉండే మోనోఅమైన్ ఆక్సిడేజ్ బి అనే ఎంజైమ్ దాన్ని ఎంపీపీ ప్లస్ అనే అసలు విషంగా మారుస్తుంది. అది డోపమిన్ కణాల్లోకి చొరబడి, మైటోకాండ్రియాల్లో శక్తి తయారీని నిలిపేస్తుంది. ఇప్పుడు మనం ముందుగా ఇచ్చిన సారంలో వందల పదార్థాలు ఉన్నాయి కదా, వాటిలో ఏదో ఒకటి ఆ ఎంజైమ్‌ను అడ్డుకుందనుకోండి; విషం తయారే కాదు, కణాలు చావవు. సూక్ష్మదర్శినిలో చూస్తే నాడీకణాలన్నీ క్షేమం. కాపాడింది నాడీకణాన్నా, లేక విషం పుట్టకుండా ఆపిందా? పార్కిన్సన్స్ రోగి మెదడులో ఎంపీటీపీ లేదు కాబట్టి రెండో రకం రక్షణ అతనికి అక్కరకు రాదు. మెదడులో ఎంపీపీ ప్లస్ ఎంత ఉందో కొలిచి, మందు ఇచ్చిన గుంపులోనూ అంతే ఉందని చూపించిన తర్వాతే రక్షణ అన్న మాట వాడాలి. నేను ఏ వ్యాసం తెరిచినా మొదట వెతికేది ఈ కొలతే.

ఇక జంతువుల సంఖ్య. మన దగ్గర గుంపుకు 6 చొప్పున పెట్టడం ఆచారంగా స్థిరపడిపోయింది. ఎందుకు 6 అని అడిగితే పాత సిద్ధాంత గ్రంథంలో అలా ఉందంటారు. రెండు గుంపుల మధ్య నిజమైన తేడా ఒక ప్రామాణిక విచలనం అంత, అంటే ఒకే గుంపులోని జంతువుల మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గులంత, ఉందనుకుందాం. ప్రవర్తనా పరీక్షల్లో అది మంచి పెద్ద తేడానే. గుంపుకు 6 జంతువులతో ఆ తేడాను పట్టుకునే అవకాశం మూడింట ఒక వంతు మాత్రమే. 80 శాతం అవకాశం కావాలంటే గుంపుకు 17 కావాలి. చిన్న గుంపులతో నిజమైన ప్రభావం తప్పిపోవడం ఒక ఎత్తయితే, అదృష్టవశాత్తు గణాంకాల గీత దాటిన ఫలితాలు మాత్రమే అచ్చులోకి వచ్చి, ప్రభావం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించడం మరో ఎత్తు. ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధి విషయంలో ఇది బట్టబయలైంది. అమెరికాలోని ఒక పరిశోధన సంస్థ 2008లో, ఆ వ్యాధి చిట్టెలుక నమూనా మీద 70కి పైగా మందులను సరైన సంఖ్యతో, తోబుట్టువులను గుంపులకు సమానంగా పంచి, ఆడ మగ తేడా చూసుకుని, జన్యు ప్రతుల సంఖ్య సరిచూసుకుని తిరిగి పరీక్షించింది. ఒక్కటీ నిలబడలేదు. వాటిలో కొన్ని అంతకుముందు అదే నమూనాలో ఆయుష్షు పెంచాయని అచ్చయినవే. 2010లో వచ్చిన అరైవ్ మార్గదర్శకాలు, జంతు ప్రయోగాన్ని నివేదించేటప్పుడు గుంపుల కేటాయింపు ఎలా జరిగింది, ఎవరికి ఏది తెలుసు, ఎన్ని జంతువులను మధ్యలో వదిలేశారు అన్నవన్నీ రాయాలని అడుగుతున్నాయి.

మన దేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద, ఇప్పుడు సీసీఎస్ఈఏ అని పిలిచే కేంద్ర కమిటీ పర్యవేక్షణలో జరుగుతాయి. ప్రతి సంస్థలోనూ నైతిక కమిటీ ఉంటుంది. విద్యార్థి ఫారం బి నింపి, ఎన్ని జంతువులు కావాలో, ఎందుకు కావాలో అందులో రాయాలి. హైదరాబాద్‌లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నో ఏళ్లుగా దేశంలోని ప్రయోగశాలలకు జంతువులను పెంచి ఇచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న ఫార్మసీ కళాశాలల సంఖ్యను తలచుకుంటే, మన పిల్లలు ఏటా ఎన్ని ప్రాణులను చేతిలోకి తీసుకుంటున్నారో ఊహించవచ్చు. జంతువుల సంఖ్య తగ్గించాలన్న సదుద్దేశంతోనే కమిటీలు 6కు ఒప్పుకుంటాయి. కానీ ఏ సమాధానమూ ఇవ్వలేని ప్రయోగంలో పోయిన 6 ప్రాణాలు కూడా వృథాగా పోయినవే. ఐదు సారాలను తలా 6 జంతువుల మీద చూసే బదులు, ఒక్క సారాన్ని, కూర్పు కొలిచి, 17 జంతువుల మీద సక్రమంగా చూడటమే ఆ ప్రాణుల పట్ల మనం చూపగల మర్యాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. చిట్టెలుక మెడ వెనుక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మొద్దు మొన సూదిని నాలుక పక్కగా పోనిచ్చి మందు పోసేటప్పుడు, దాని గుండె వేళ్లకు తగులుతుంది. ఆ స్పర్శ ఎరిగినవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది.

మనుషుల్లో ఏం తేలిందో కూడా చెప్పాలి. 2009లో జపాన్‌లో, 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న, స్వల్ప మతిమరుపు గల 30 మంది మీద ప్లసీబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి బిళ్లతో పోల్చి పరీక్ష చేశారు. పైన చెప్పిన 3 గ్రాముల మోతాదును 16 వారాలు తీసుకున్నవారి స్కోరు, ప్లసీబో తీసుకున్నవారికంటే మెరుగుపడింది. 2020లో తైవాన్ నుంచి వచ్చిన 49 వారాల పరీక్షలో, తొలిదశ అల్జీమర్స్ రోగులకు ఎరినాసిన్ ఏ ఉన్న మైసీలియం ఇచ్చారు. ఫోన్ వాడటం, డబ్బు లెక్క చూసుకోవడం వంటి రోజువారీ పనుల స్కోరులో రెండు గుంపుల మధ్య తేడా కనిపించింది. రెండూ చిన్న పరీక్షలే. రెండింటి వెనుకా ఆ పుట్టగొడుగును పండించి అమ్మే సంస్థల పరిశోధకులున్నారు. అంతమాత్రాన ఫలితం అబద్ధమని కాదు, అమ్మకంతో సంబంధం లేనివాళ్లు పెద్ద సంఖ్యలో తిరిగి చేసేవరకు దాన్ని తుదిమాటగా తీసుకోకూడదు.

కాబట్టి నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ముందుగా న్యూరాలజిస్టుకు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్ లోపం, డిప్రెషన్ వంటి సరిదిద్దగలిగే కారణాలు మతిమరుపు వేషంలో వస్తాయి. అల్జీమర్స్‌కు డాక్టరు రాసిన డోనెపెజిల్ అనే మందును ఆపి దీన్ని మొదలుపెట్టకండి. పుట్టగొడుగుల ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవాళ్లు దీని జోలికి పోకండి. ఇవన్నీ చూసుకున్నాక కూడా వాడదలిస్తే, సీసా మీద గొడుగా మైసీలియమా, ఏ ద్రావకంతో తీసిన సారం, గుర్తు పదార్థం ఎంత అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి, వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పండి.

ఆ 2009 పరీక్షలోనే మరొక ఫలితం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నా మటుకు అన్నిటికంటే విలువైనది అదే. 16 వారాల తర్వాత బిళ్లలు ఆపేసి, మరో 4 వారాలకు మళ్లీ పరీక్షిస్తే స్కోరు స్పష్టంగా పడిపోయింది. నాడీకణాల క్షీణతే ఆగి ఉంటే, మందు ఆపిన నెలలోపే ఆ లాభం కరిగిపోవడం కష్టం. ఉన్న కణాలను తాత్కాలికంగా చురుకుగా ఉంచింది అనుకుంటే ఆ పతనం సరిపోతుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చే ప్రయోగం చిట్టెలుకల్లో సులువుగా చేయవచ్చు. ఫలకాలు ఏర్పడ్డ తర్వాతే సారం మొదలుపెట్టాలి, మూడు నెలలు ఇవ్వాలి, ఆ గుంపును రెండుగా చీల్చి సగానికి మేత మార్చేయాలి, నాలుగు వారాల తర్వాత గూడు మార్కులు, హిప్పోక్యాంపస్‌లో ఎన్‌జీఎఫ్ ప్రోటీన్, బతికున్న నాడీకణాల లెక్క మూడూ ఒకేసారి చూడాలి. ఈ ఏడాది సినాప్సిస్ రాసుకుంటున్న విద్యార్థులెవరైనా దీన్ని చేపడితే, గుంపుల కేటాయింపు, గణాంకాల ప్రణాళిక రాయడంలో నాకు చేతనైన సాయం చేస్తాను.